తీరపు ముచ్చటలు: గాలికుండ



మొన్న ఒక సాయంకాలము మా వీధిలోనికి క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలి పిల్లను వెంటబెట్టుకొని సముద్రపుటొడ్డునకు పోయితిని. ఆమె పుట్టినిల్లు సాలూరు దాపున. కొండలను చూచినదే గాని కడలిని ఎఱుగదు. ఆనాడు గాలి చెడియుండెను. పడవలు కొన్ని ఇసుకపైకి లాగబడి యుండెను. కొన్ని మొగలో లంగరు వేసికొని ఊగుచుండెను. ఊగుచున్న వానిలో మనుష్యులు కూడ కానవచ్చుచుండిరి. ఆ పిల్ల కొంతసేపు చూచి, "పిన్నిగారూ! పడవ కదలనప్పుడు అందులోనివారు ఏమి చేయుదురు? ఊరక కూర్చుందురా?" అని అడిగినది.

ఆ మాటకు నాకు నవ్వు వచ్చినది. మఱునిమిషముననే నవ్వు పోయి మా మామ్మ జ్ఞప్తికి వచ్చినది. మామ్మ యనగా మా తండ్రిగారి తల్లి. ఆమె తన జీవితమున ఒకేయొకమాఱు ఓడపై తొమ్మిది దినములు కాపురము చేసినది. ఆ తొమ్మిది దినములును ఓడ కదలనే లేదు. ఈ మాసమున ఆ ముచ్చట మీకు చెప్పెదను. చేపల తట్ట వలనను, తుపాను వార్తల వలనను తప్ప సముద్రమును ఎఱుగని సోదరీమణులు మనలో ననేకులు కలరు. ఓడలోను పొయ్యి యుండుననియు, నీళ్ల బాన యుండుననియు, అత్తాకోడళ్లుండుట కూడ కలదనియు వారు తెలిసికొనుట మంచిది.

మాది వాడబలిజల కుటుంబము. 'వాడ' యనగా ఓడయే. పేరులోనే ఓడ గలవారికి రేవులు చక్కనివి దొరకినవా యన్నచో, అదియు లేదు.  బారువ గాని, కళింగపట్టణము గాని, భీమునిపట్టణము గాని, అన్నియు బయలు రేవులే. ఓడ ఒడ్డునకు రాజాలదు. దూరముగా లంగరు వేసికొని నిలువవలసినదే. సరకును, మనుష్యులను కెరటములమీదుగా ఒడ్డునకు చేర్చుటకు మసూలా పడవలుండెడివి. వానిలో ఇనుప మేకు ఒక్కటియు నుండదు. పలకలను కొబ్బరి పీచుత్రాటితో కుట్టెదరు. కెరటము కొట్టినప్పుడు మేకుల పడవ పగులును. కుట్టిన పడవ వంగి నిలుచును.

ఇక గాలి మాట. పొగయోడకు బొగ్గు చాలును. తెరచాపకు గాలియే కూడు. వేసవి నుండి భాద్రపదము వఱకు మన తీరమున గాలి దక్షిణము నుండియు, నైరృతి నుండియు వీచును. ఆశ్వయుజము దాటిన పిమ్మట ఈశాన్యమునకు తిరుగును. ఈ రెండు గాలుల నడుమ నుండునదే తుపానుల కాలము. కంపెనీ కాలమున చెన్నపట్టణపు రేవులో అక్టోబరు 15 మొదలు డిసెంబరు 15 వఱకు ఓడలు నిలువరాదని కట్టడి యుండెను. పెద్ద గాలులు ఇట్లుండగా, దినదినము మాఱు చిన్న గాలులు వేఱు. పగలు కడలి నుండి నేలకు, తెల్లవాఱుజామున నేల నుండి కడలికి. ఈ రెండవదానిని మావారు కొండగాలి యందురు. ఎదురుగాలి బలముగా నున్నప్పుడు చిన్న ఓడకు ఆ కొండగాలియే దిక్కు. అది వచ్చువఱకు లంగరు వేసికొని యుండవలెను.

మా మామ్మ పుట్టినిల్లు బారువ వైపు, అత్తవారిల్లు భీమునిపట్టణము. వివాహము 1920 ప్రాంతమున వైశాఖ మాసములో జరిగినది. అప్పటికే రైలు కలదు. అయినను మామ్మ మామగారు చిన్న సరకుటోడకు సరంగు. బారువలో కొబ్బరికాయలును, పీచుత్రాళ్లును ఎక్కించుకొని ఓడ ఎట్లును మరలిపోవుచుండెను. "మన ఓడ యుండగా రైలువానికి సొమ్మేల?" అని కోడలిని, సారె పెట్టెలను ఓడలోనే ఎక్కించిరి. ఆడువారు ఓడ ఎక్కరాదను మాట మావారిలో నుండెను. అందుచేత ముందు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, ఓడ మొగమున పసుపు కుంకుమలు పెట్టి, పిల్లకు తోడుగా అత్తగారే వచ్చినది. పిల్లకు అప్పుడు పదునాలుగేండ్లు. అవి అట్టి వివాహముల దినములు.

బారువ విడిచిన మఱునాటికే దక్షిణపు గాలి బలిసినది. ఓడ పోవలసినది దక్షిణమునకే. సరంగుగారు కళింగపట్టణపు రేవున లంగరు దింపించిరి. అక్కడ దక్షిణమున ఇసుక మొన అడ్డముండుటచే ఆ గాలికి కొంత చాటు కలదు. "రేపు పోదుము" అనుకొనిరి. ఆ రేపు తొమ్మిదవ నాటికి వచ్చినది.

కదలని ఓడలో తొలి బాధ ఊపు. నడచు ఓడ గాలికి ఒకప్రక్కకు ఒరిగి నిలకడగా పోవును. లంగరుమీది ఓడ తొట్టివలె ఇటునటు పొరలును. మొదటి రెండు దినములు మామ్మ తల ఎత్తలేదట. అత్తగారు ఉప్పు, జీలకఱ్ఱ వేసిన గంజితేట చెంచాతో పట్టుచు, "దూరాన ఒడ్డు కానవచ్చుచున్నదే, ఆ తాడిచెట్టునే చూచుచుండుము" అని చెప్పినదట. కదలనిదానిని చూచుచున్నచో కడుపులోని త్రిప్పు తగ్గును. నేటికిని ఓడ ప్రయాణమున ఇదియే మంచి చిట్కా.

మూడవ నాటి నుండి కాపురము మొదలైనది. పొయ్యి ఎట్లుండెనో వినుడు. ఒక కొయ్య తొట్టి, దాని నిండ ఇసుక, ఇసుకపై మట్టిపొయ్యి. ఎగిరిన నిప్పురవ్వ ఇసుకలోనే చావవలెను. గాలి వచ్చు వైపు చాప అడ్డము కట్టవలెను. కుండ దొరలకుండ మూడు ప్రక్కల కఱ్ఱలు దిగవేయవలెను. గాలి మఱీ హెచ్చిన దినమున పొయ్యి రాజేయనే కూడదు. ఆ దినమున ముందురాత్రి చల్దియో, చోడి అంబలియో శరణ్యము. క్రింద గదినిండ పీచుత్రాళ్లుండగా నిప్పుతో చెలగాటమాడుట తగునా?

నీటి లెక్క మఱింత కఠినము. రెండు పెద్ద బానలు. మనిషికి పూటకు ఇన్ని ముంతలని సరంగుగారే కొలిచి పోయించెడివారు. బియ్యము ముందు సముద్రపు నీటితో కడిగి, కడపట ఒక్క చెంబెడు మంచినీటితో జాడించెడివారు. కూడు వండునప్పుడు ఉప్పుకు బదులు ఒక గరిటెడు సముద్రపు నీరు కలిపెడివారు, హెచ్చినచో చేదెక్కును. బట్టలు సముద్రపు నీటనే ఉతుకవలెను. అవి ఆఱినను ఆఱనట్లే యుండి ఒంటికి అంటుకొనును. స్నానము మాట దేవుడెఱుగును. ఐదవ నాడు ఒక జల్లు కురిసినప్పుడు తెరచాపను తొట్టివలె పట్టి వాననీరు బానలోనికి మళ్లించిరట. ఆనాడు అత్తగారు కోడలి తలకు నాలుగు చెంబులు పోసినది. "నా పెండ్లిలో మంగళస్నానముకన్న అదే బాగున్నదే గుంటా!" అని మామ్మ చెప్పెడిది.

తినుటకు బియ్యము, చోళ్లు, ఎండుచేపలు, చింతపండు, ఉల్లిపాయలు. సారెలో వచ్చిన క్రొత్త ఆవకాయ జాడీ. కొబ్బరికాయలు సరకు గనుక వానిని ముట్టరాదు. దాహమైనను ముట్టరాదు. సరకు వర్తకునిది. ఈ నియమమును సరంగుగారు తమ భార్యకు, కోడలికి కూడ సడలింపలేదు.

మఱుగు మాట కూడ చెప్పవలెను. ఏడుగురు మగవారి నడుమ ఇద్దఱాడువారు. చుక్కాని వెనుక పాత తెరచాప గుడ్డ కట్టి వారికి చోటు చేసిరి. మగవారు ఆ వైపు రావలసినప్పుడు దూరమునుండియే దగ్గి వచ్చెడివారు. ఆ నడుమ కోడలు బయట చేరినది. ఎక్కడ కూర్చుండవలెనో తెలియక ఆ పిల్ల ఏడ్చుచుండగా అత్తగారు, "ఆ నియమములు నేలమీదివి, నీళ్లమీద మనమందఱము ఒక్క పలకమీద నున్నాము. లేచి కూడు తినుము" అన్నదట. చదువుకొనని ఆ యిల్లాలి మాటలో ఎంత వివేకమున్నదో చూడుడు.

ఇక "ఊరక కూర్చుందురా" యను ప్రశ్నకు సమాధానము. కదలని ఓడలో మగవారికి క్షణము తీరిక యుండలేదు. ఓడ అడుగున ఊరు నీటిని ఉదయము, సాయంకాలము తోడిపోయవలెను. లంగరు త్రాడు ఓడ అంచుకు ఒరసి తెగకుండ పాత గోనె చుట్టి, ఆ చుట్టిన చోటును మాటిమాటికి మార్చవలెను. తడిసిన తెరచాపను ఎండగట్టక మడిచినచో మూడు దినములలో మ్రగ్గిపోవును. కావున వానవెలిసినప్పుడెల్ల విప్పి, గాలి హెచ్చినప్పుడెల్ల చుట్టవలెను. చినిగిన చోట్ల కుట్టుపని. అక్కడ మామ్మకును పని దొరికినది. పెద్ద సూదితో, మైనము పూసిన దారముతో తెరచాపకు మాటువేయుట ఆమె నేర్చుకొన్నది. "నా కుట్టు పట్టుకొనే మీ తాత ఓడ పదేండ్లు నడిచినాది" అని ముసలితనమునందు కూడ గర్వపడెడిది.

రాత్రులు వంతులవారీ కావలి. ఓడ లంగరును ఈడ్చుకొని పోవుచున్నదా యని ఒడ్డుమీది రెండు దీపములను ఒక వరుసలో పెట్టుకొని చూచుచుండవలెను. ఆ వరుస తప్పినచో అందఱను లేపవలెను. నిద్రపట్టని కోడలు ఆ లెక్క కూడ నేర్చినది. తొమ్మిది దినములలో ఆ పిల్లకు అత్తవారింటి మర్యాదలు తెలియలేదు గాని అత్తవారి బ్రదుకు తెలిసినది.

అయితే ఆ ఓడలో అసలు కష్టము నీటిది కాదు, నిప్పుది కాదు; మాటలది. గృహప్రవేశమునకు పెట్టిన ముహూర్తము ఆఱవ నాడు. భీమునిపట్టణములో చుట్టములు కూడియుందురు. మఱది కుఱ్ఱతనమువాడు, ఉదయము లేచినది మొదలు, "నాన్నా, పోదుము, ఎదురుగాలి యైన నేమి, అడ్డముగా కొట్టుకొనుచు పోదుము" అని పోరుచుండెను. నాలుగవ నాడు ప్రక్కనున్న మఱియొక ఓడ, ఇదే పాటిది, లంగరెత్తి పోయినది. పోవుచు వారు నవ్విరి. "ఆడువారిని ఎక్కించుకొన్నారు, పాపము, భయము!" అనిరి. సరంగుగారు బదులు పలుకలేదు. భార్యను మాత్రము చూచిరట. ఆమె ఏమనునో యని అందఱును చూచిరి. ముహూర్తము తప్పినచో ఊరిలో మాట పడవలసినది ఆమెయే గదా! ఆమె తాంబూలము నమలుచు, "ముహూర్తము పెట్టినవాడు గాలిని అడిగి పెట్టలేదు. మఱియొకటి పెట్టించుకొందము" అన్నది. అంతటితో ఓడలో నోళ్లు మూతపడినవి.

సోదరీమణులారా! ఆ పోయిన ఓడ మునిగినదని మీరు తలంచుచుందురు. లేదు, క్షేమముగనే చేరినది. సరకును మంచి ధరకు అమ్మిరి కూడ. తొమ్మిదవ నాటి తెల్లవాఱుజామున చల్లని కొండగాలి వచ్చినది. లంగరెత్తి, చింతపల్లి యొద్ద దీపస్తంభమును కుడిచేతివైపున చూచుచు మావారు భీమునిపట్టణము చేరునప్పటికి వీరి పిరికితనము ఊరెల్ల కథయై యుండెను. సముద్రపు రాళ్లనుండి ఓడలను కాపాడుటకు 1847లో వెలిగించిన ఆ దీపమును చూపి సరంగుగారు కోడలితో, "అమ్మా, ఎదుటివాడు బ్రదికివచ్చినాడని రాయి లేకుండ పోదు" అనిరట. ఆగినందుకు బహుమానము లేదు. ఆగుటలోని కష్టమంతయు అందే యున్నది.

ఇంతవఱకు మామ్మ ఎన్నియోమాఱులు నవ్వుచు చెప్పిన కథ. దీనికి తరువాయి కథ యొకటి కలదు. అది నాకు ఒక్కమాఱే చెప్పినది. అదియు నాకు పెండ్లియైన పిమ్మట.

ఏండ్లు గడచినవి. మామగారు పోయిరి. మా తాతగారు సరంగైరి. ఒక ఆశ్వయుజమున భీమునిపట్టణములోనే ఓడ మూడువారములు నిలిచిపోయినది. ఆకాశము బాగుండలేదు. ఇంట నలుగురు పిల్లలు. బియ్యపు కుండ అడుగంటినది. అంగడివాడు అప్పు ఇక లేదన్నాడు. ప్రక్కయింటి పొయ్యి పొగ చూచి పిల్లలు ఏడ్చిరి. తాతగారు ఇంకను రెండు దినములు చూచెదననిరి. మామ్మ, "చూచి చూచి కండ్లు కాయలు కాచినవి. తక్కిన మగవారు పోవుటలేదా?" అన్నది. అంతే మాట. ఆయన ఆ సాయంకాలమే బయలుదేఱిరి. ఆయన తిరిగి వచ్చిరి. తెరచాప పట్టు కుఱ్ఱవాడు రాలేదు. కెరటము కొట్టుకొనిపోయినది. వాని తల్లి మా యింటికి మూడిండ్ల అవతల నుండెడిది.

"మీ తాత నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండును" అని మామ్మ చెప్పి చాలసేపు ఊరకుండెను. ఓడపై తొమ్మిది దినములు ఆగుటకు అత్తగారు చూపిన ధైర్యము తనకు లేకపోయెనా యని నేను తలంచితిని. నా తలంపు కనిపెట్టినట్లు ఆమెయే, "అత్తకు నాకంటె గుండె యెక్కువ కాదే. ఆ ఓడలో బియ్యముండినాయి. నా యింట లేవు" అన్నది.

ఆ యేటినుండి మా యింట ఒక కుండ వెలసినది. ప్రతిదినము అత్తెసరు పెట్టుటకు ముందు ఒక పిడికెడు బియ్యము అందులో పడవలెను. ఓడ నడచు దినములలో దానిని ముట్టరాదు, పండుగకు ముట్టరాదు, చుట్టములు వచ్చినను ముట్టరాదు. గాలి చెడి ఓడ నిలిచినప్పుడే మూత తీయవలెను. దానిని గాలికుండ యనెడివారము. మూడిండ్ల అవతలి పొయ్యికి కూడ ఆ కుండనుండియే పోయెడిది. "గాలి మన పాలేరు కాదే గుంటా! పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు. కుండ మాత్రం మనదే" అనునది మామ్మ మాట.

నేడు కాలము మాఱినది. ఆ సరకుటోడలు లేవు. ఫైబరు పడవలు, మోటార్లు వచ్చినవి. గాలివార్త తెలిసికొనుటకు ఆకాశమునే చూడనక్కఱలేదు. విశాఖపట్టణమునందలి తుపాను హెచ్చరికల కేంద్రమును, హైదరాబాదున 1999లో నెలకొల్పబడిన ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచార కేంద్రమును వార్తలు పంపుచున్నవి. కళింగపట్టణము, భీమునిపట్టణము రేవులలో హెచ్చరిక గుర్తులు ఎగురవేయుదురు. రేడియోలో "మూడవ నంబరు" అని వినుటయే గాని దాని యర్థము మనలో పలువురికి తెలియదు. ఒకటి, రెండు అన్నచో గండము దూరపు సముద్రమున నున్నదని. ఓడ విడిచి పోవువారు జాగ్రత్తపడవలెనని. మూడు, నాలుగు అన్నచో రేవునకే చెడుగాలి రానున్నదని. ఐదు మొదలు ఏడు వఱకు ప్రమాదము. ఎనిమిది మొదలు పది వఱకు మహాప్రమాదము. పదునొకండు అన్నచో హెచ్చరికల కేంద్రముతో సంబంధమే తెగిపోయినదని. ఈ లెక్క వంటయింటి గోడమీద వ్రాసికొనదగినది. 2014 అక్టోబరు 12న హుదూద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరమునకు ఏమి చేసినవో చూచినవారము గదా! రెండును ఆ ఆశ్వయుజ కార్తికముల దాపుననే వచ్చినవి.

తెరచాప మాత్రము లోకమున పోలేదు. మన ఆడపడుచులే దానిని పట్టినారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేఱి, 254 దినములలో భూమి చుట్టి, 2018 మే 21న తిరిగి గోవా చేరిన తారిణి యను నావలో ఆఱుగురును స్త్రీలే. నాయకురాలు వర్తికా జోషి. వారిలో పాతర్లపల్లి స్వాతి విశాఖపట్టణపు ఆడపడుచు. బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు ఆమె. నావ పొడవు 55 అడుగులు. నడచిన దూరము 21,600 నాటికల్ మైళ్లు. నావ పేరు గంజాము జిల్లాలో ఋషికుల్యా నది యొడ్డున కొండపై వెలసిన తారాతారిణి పేరు. ఓడవారు కొలుచు ఆ తల్లి మనకు పరాయి కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడు వఱకు మన కళింగపట్టణమును గంజాము జిల్లాలోనిదే.

ఆ ఆఱుగురును ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండులోని లిటిల్‌టన్, ఫాక్లండు దీవులలోని పోర్టు స్టాన్లీ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ రేవులలో ఆగుచు పోయిరి. కడపట ఇంటిదారి పట్టిన పిమ్మట చుక్కాని యంత్రము చెడుటచే 2018 ఏప్రిలులో మారిషసునందలి పోర్టు లూయీలో అనుకొనని మజిలీ చేయవలసి వచ్చినది. ఇల్లు కనుచూపు మేరకు వచ్చినట్లుండగా ఆగుటయే అన్నిటికన్న కష్టము. వారు ఆగిరి, బాగుచేయించుకొనిరి, క్షేమముగా వచ్చిరి. తెరచాప నావ రేవున నున్నప్పుడు త్రాళ్లు పరికించుట, చాపలు కుట్టుట, అడుగు నీరు చూచుట, నీరు, తిండి సమకూర్చుకొనుట అన్నియు నేటికిని నాటి పనులే. మా మామ్మ వారిని చూచియున్నచో, "కుట్టు ఎవరు వేసినారే?" అని ముందుగా అడిగియుండును.

రేవున ఆగుట గాలివలననే కాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల నుండి వేలకొలది మత్స్యకారులు గుజరాతులోని వేరావలు రేవునకు ఏటేట వలసపోయి, నెలల తరబడి పడవలమీదనే బ్రదుకుదురు. 2020లో కరోనా వ్యాధిచే దేశమంతయు మూతపడినప్పుడు వారు ఆ రేవులోనే పడవలలో చిక్కుకొనిరి. ఇఱుకైన చోటు, చాలని నీరు, ఇంటిమీద ధ్యాస. ఏప్రిలు నెలాఖరున బస్సులలో బయలుదేఱి వారు ఇండ్లు చేరువఱకు మన పల్లెలలో ఎన్ని పొయ్యిలు సగము మండినవో ఆ పల్లెల ఆడువారే చెప్పవలెను.

ఈ కథలన్నిటి సారము నాకు తోచినంతవఱకు ఒక్కటే. ఓడ కదలనప్పుడు అందలివారు ఊరక కూర్చుండరు. ఇంటిలోనివారు కూడ ఊరక కూర్చుండరాదు. ఆగుట మగవాని ధైర్యమువలననే జరుగదు. ఇంట కూడుండుటవలన జరుగును. చెడుగాలిలో పడవను నడిపించునది పలుమాఱులు పేరాస కాదు, అంగడివాని బాకీ. కొన్నిమాఱులు మన నోటి మాట.

చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున మన తూర్పు తీరమున ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు 61 దినములు యంత్రపు పడవల వేట నిషేధము. ఆ కాలమునకై ఇచ్చు సహాయమును 2025లో కుటుంబమునకు 20,000 రూపాయలు చేసిరి. ఆ కార్యక్రమమును మన శ్రీకాకుళపు బుడగట్లపాలెముననే ఆరంభించిరి. మంచిదే. కాని అది నిషేధకాలమునకు ఉద్దేశింపబడిన సొమ్ము. ఏడాది నడుమ చెప్పకుండ వచ్చు వారము దినముల చెడుగాలికి ఇంటి గాలికుండయే ఆధారము. పొదుపు సంఘములలో నున్న సోదరీమణులు ఈ మాట యోచింపుడు. సొమ్మంతయు ఒకే పద్దున వేయక, "పడవ నిలిచిన దినములకు" అని వేఱుగా కొంత తీసిపెట్టుకొనుడు. పది యిండ్లు కలిసి తీసిపెట్టినచో మఱియు మేలు; మూడిండ్ల అవతలి పొయ్యి కూడ మన లెక్కలో చేరును.

సముద్రము చూడని సోదరీమణులు ఇది మనకేల అని తలంపకుడు. వాన రాక ఆగిన రైతు ఇల్లాలికిని, కొలువు పోయి ఇంట కూర్చున్నవాని ఇల్లాలికిని గాలి చెడుట కలదు. అట్టి దినమున "తక్కినవారు పోవుటలేదా?" అను మాట నాలుకపైకి వచ్చినప్పుడు ముందు కుండ మూత తీసి చూడుడు. అందు నాలుగు గింజలున్నచో ఆ మాట దానంతట అదే వెనుకకు పోవును.

ఇంతకు ఆ సాలూరు పిల్లకు నేనిదంతయు ఒడ్డుననే చెప్పితిని. ఆమె ఏమియు అనలేదు. మఱునాడు ఉదయము మా యింటికి వచ్చి, "పిన్నిగారూ, మీ యింట మూతగల పాత కుండ యేమైన నున్నదా?" అని అడిగినది. ఆమె మగడు పడవమీదివాడని అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. మా మామ్మ కుండ పగిలి చాలకాలమైనది. క్రొత్తది యొకటి కొని యిచ్చితిని. తొలి పిడికెడు నేనే వేసితిని.

ఇట్లు,
మీ తీరపు సోదరి.